ఊరుగాని ఊళ్లో జమానత్ ఎవరిస్తారు?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. పని చూసుకొని, తీరిక దొరికినప్పుడు చదవండి. విషయం జమానత్.

ఆ మాట వినగానే మనలో చాలామంది ముఖం తిప్పుకుంటారు. "కోర్టు మెట్లు మనమెందుకు ఎక్కాలి? తప్పు చేసినవాడు పడతాడు" అంటారు. తప్పు చేశాడో లేదో ఇంకా తేలకముందే లోపల ఉన్నవాళ్ల గురించే ఈ వ్యాసం. 2022 చివరికి మన దేశం జైళ్లలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నూటికి 75 మందికి పైగా. వాళ్ల మీద కోర్టు ఇంకా తీర్పు చెప్పలేదు. వాళ్లలో కొందరికి బెయిలు మంజూరైంది, కాగితం కూడా వచ్చింది. జామీను నిలబడే మనిషి దొరక్క లోపలే ఉన్నారు. ఈ చివరి మాట మన సరిహద్దు ఊళ్లవాళ్లకు మరీ దగ్గరి మాట. ఎందుకో చరిత్రలోకి వెళ్లి చూద్దాం.

మాట నుంచే మొదలుపెడదాం. జామీను మనకు ఉర్దూ కచేరీల నుంచి వచ్చిన మాట. జామిన్ అంటే పూచీ పడే మనిషి. జమానత్ అంటే అతను పడే పూచీ. రాసిచ్చే కాగితం ముచ్చలిక. గమనించండి, ఆ మాటలో మొదట ఉన్నది మనిషే, పైసలు కాదు. "ఇతను మావాడు, పిలిచిననాడు తెచ్చి నిలబెడతాం" అని ఒకరు చెప్పడమే జమానత్. వినడానికి బాగానే ఉంది. కానీ పూచీ ఎవరిది చెల్లుతుంది? భూమి ఉన్నవాడిది, పలుకుబడి ఉన్నవాడిది. భూమిలేనివాడు అలాంటి ఒకరి గడప దగ్గర నిలబడాలి. ఆ తర్వాత ఆ ఇంటికి ఋణపడి ఉండాలి. కాబట్టి పాత రోజులన్నీ మంచివని మేము అనడం లేదు. జమానత్‌లో బంధం ఉంది, బరువూ ఉంది.

చట్టం సంగతికొస్తే, ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో మొదటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1861లో వచ్చింది. దాన్ని మార్చి మార్చి చివరికి 1898 కోడ్ తెచ్చారు. అందులో నేరాలు రెండు రకాలు. బెయిలు ఇవ్వదగ్గ నేరమైతే బెయిలు హక్కు. ఇవ్వదగనిదైతే కోర్టు ఇష్టం. ముచ్చలిక మొత్తం కేసు పరిస్థితులు చూసి పెట్టాలని, మితిమీరి ఉండకూడదని ఆ 1898 కోడ్‌లోనే రాసి ఉంది. ఇప్పటి చట్టంలోనూ ఆ మాటే ఉంది. అంటే నూరేళ్లకు పైగా చట్టం ఒకటే చెబుతోంది, ఆచరణ ఇంకోలా నడుస్తోంది.

మన బీదర్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. చట్టాలు వేరు, కచేరీ భాష వేరు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1951 ఏప్రిల్ 1 నుంచి మిగతా దేశంలో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, శిక్షాస్మృతి హైదరాబాద్ రాష్ట్రానికీ వర్తించాయి. అప్పటికి ఉద్‌గీర్, నారాయణఖేడ్, ఔరాద్ అన్నీ ఒకే బీదర్ జిల్లా. ఒక తాలూకా మనిషి ఇంకో తాలూకాలో కేసులో ఇరుక్కున్నా జిల్లా కచేరీ ఒకటే, పహాణీ చూసే అధికారి యంత్రాంగం ఒకటే.

1956 నవంబరు 1న గీతలు గీశారు. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్ తాలూకాలు మైసూరు రాష్ట్రానికి వచ్చాయి. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్‌గీర్ బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నారాయణఖేడ్, జహీరాబాద్, న్యాల్‌కల్ వైపు ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. మన కుశనూర్ ఇటు ఉండిపోయింది. ఒకే జిల్లా మూడు రాష్ట్రాలైంది. భాషల లెక్కన చేసిన విభజన అది. దాని మంచిచెడ్డలు వేరే చర్చ. మేము చెప్పేది చిన్న సంగతి. పెళ్లి సంబంధాలు, కూలి పనులు, సంతలు, పశువుల బేరాలు ఆ గీతలు చూసి ఆగలేదు. కోర్టు కాగితాలు మాత్రం ఆగిపోయాయి.

ఎలాగంటారా? కుశనూర్ కుర్రవాడు ఉద్‌గీర్‌లో ఒక దొంగతనం కేసులో పట్టుబడ్డాడనుకుందాం. మేనమామ పహాణీ పట్టుకొని వెళ్తాడు. పహాణీ కన్నడంలో ఉంటుంది, భూమి పక్క రాష్ట్రంలో ఉంటుంది. "లోకల్ జామీను తీసుకురండి" అంటారు. అటు నారాయణఖేడ్ వైపు నుంచి కూలికి వచ్చిన మనవాడు బీదర్‌లో పట్టుబడితే అతని అన్న తెలుగు పాసుపుస్తకం పట్టుకొని ఇటు వస్తాడు. అతనికీ అదే జవాబు. ఆ లోకల్ మనిషిని ఎక్కడి నుంచి తేవాలి? తెలియనివాడు ఎందుకు నిలబడతాడు? అక్కడే కోర్టు ఆవరణలో తిరిగే కిరాయి జామీనుదార్లు పుట్టుకొస్తారు. పైసలిచ్చినవాడికి జామీను, ఇవ్వలేనివాడికి జైలు.

ఈ మాట మేమే మొదట అనడం లేదు. 1978లోనే సుప్రీంకోర్టు అన్నది. అంతకుముందు సంవత్సరం మన తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసు దానికి దారి వేసింది. ఆ రెండూ విడిగా చెప్పుకోవాలి.

మొదటిది గుడికంటి నరసింహులు కేసు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఎదుటి పక్షం. హత్య కేసులో సెషన్స్ కోర్టు నిందితులను వదిలేసింది. హైకోర్టు ఆ తీర్పు తిప్పి శిక్ష వేసింది. వాళ్లు సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకొని, అది తేలేదాకా బెయిలు కావాలని అడిగారు. 1977 డిసెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ దాని మీద తీర్పు రాశారు. ఆయన ఎత్తుకున్న ప్రశ్న ఒకటే: బెయిలా, జైలా? అప్పటిదాకా ఈ ప్రశ్నకు జవాబు జడ్జి మనసుకు తోచినట్టు ఉండేదని, మనిషి స్వేచ్ఛ అంత తేలిక వస్తువు కాదని, దానికి సూత్రాలు ఉండాలని ఆయన చెప్పారు. మనిషి పారిపోతాడా, సాక్షులను బెదిరిస్తాడా, ఇప్పటికే ఎన్నాళ్లు లోపల గడిపాడు, అప్పీలు తేలడానికి ఎంత కాలం పడుతుంది అన్నవి చూడాలన్నారు. బయట ఉన్నవాడు తన కేసును సరిగా తయారు చేసుకోగలడు, లోపల ఉన్నవాడు చేసుకోలేడు అన్నది కూడా ఆ తీర్పులోనే ఉంది. చివరికి షరతులు పెట్టి వాళ్లను విడుదల చేశారు. ఈ రోజుకీ దేశంలో ఏ మూల కోర్టులో బెయిలు వాదన జరిగినా ఆ తెలుగు పేరు వినబడుతూనే ఉంటుంది.

రెండోది మోతీరామ్ కేసు, 1978 ఆగస్టు. మోతీరామ్ మధ్యప్రదేశ్‌లో ఒక పేద మేస్త్రీ. సుప్రీంకోర్టే అతనికి బెయిలు ఇచ్చింది. మొత్తం ఎంతన్నది కింది కోర్టుకు వదిలింది. కింది మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగారు. ఆ రోజుల్లో 10,000 అంటే మేస్త్రీ ఏళ్ల తరబడి పనిచేసినా మిగిలే పైసలు కావు. సరే, తమ్ముడో అన్నో నిలబడతారంటే, తోబుట్టువు ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీను తోసేశారు. బెయిలు వచ్చి కూడా మోతీరామ్ లోపలే ఉండిపోయాడు. మళ్లీ సుప్రీంకోర్టుకు పోవాల్సి వచ్చింది. అప్పుడు కృష్ణయ్యరే 1,000 రూపాయల సొంత ముచ్చలిక మీద వదలమన్నారు.

ఆ తీర్పులో మనకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఒక మలయాళీ, ఒక కన్నడిగుడు, ఒక తమిళుడు, ఒక ఆంధ్రుడు ఎక్కడో బస్తర్‌లోనో, పోర్ట్‌బ్లెయిర్‌లోనో, ఢిల్లీ చాందినీ చౌక్‌లోనో పట్టుబడితే ఆ ఊళ్లో ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడని కోర్టు అడిగింది. వేరే జిల్లావాడని, వేరే భాషవాడని జామీను తోసేయడం దేశం ఒకటన్న మాటకే విరుద్ధమని తేల్చింది. కన్నడిగుడు, ఆంధ్రుడు అని రెండు పేర్లూ అందులో పడ్డాయి. మన ఊళ్లో ఆ రెండూ మనమే.

మరుసటి సంవత్సరం బీహార్ జైళ్ల కథ బయటపడింది. పోలీసు ఉన్నతాధికారిగా పనిచేసిన కె.ఎఫ్. రుస్తంజీ 1979 జనవరిలో ఒక ఇంగ్లీషు పత్రికలో విచారణ ఖైదీల గురించి రాశారు. అది చదివి న్యాయవాది కపిలా హింగోరాణి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుసైనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ లేకుండానే లోపల గడిపినవాళ్లు అందులో కనిపించారు. నేరం చేయకపోయినా సాక్షులుగా, బాధితులుగా "రక్షణ" పేరుతో జైల్లో పెట్టిన ఆడవాళ్లు కనిపించారు. జస్టిస్ పి.ఎన్. భగవతి బెంచి, త్వరగా విచారణ పొందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని హక్కేనని చెప్పింది. ఆ కేసు వల్ల దేశంలో సుమారు 40,000 మంది విచారణ ఖైదీలు బయటికి వచ్చారని చెబుతారు.

ఇదే సమయంలో చట్టమూ మారింది. 1974 ఏప్రిల్ 1 నుంచి కొత్త కోడ్ వచ్చింది. అంతకుముందు దర్యాప్తు పూర్తి కాకున్నా ఏదో ఒక రిపోర్టు వేసి రిమాండ్ మీద రిమాండ్ పొడిగించేవారు. కొత్త కోడ్ దానికి గడువు పెట్టింది. 1978 సవరణతో పెద్ద నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60 రోజులు అయింది. ఆ లోపల చార్జిషీటు వేయకపోతే, నిందితుడు జామీను ఇస్తానంటే బెయిలు అతని హక్కు. ఇది చాలామందికి తెలియదు. తెలియక, అడగక, ఆ రోజు దాటిపోతుంది. ఆ తర్వాత చార్జిషీటు పడితే హక్కు పోతుంది. ఒక్క రోజు తేడాకు ఎంత ధర ఉందో చూడండి.

బయటి దేశాల్లోనూ ఇదే గొడవ. అమెరికాలో జామీను అంటే నేరుగా డాలర్ల లెక్క. కట్టలేనివాడి తరఫున కట్టే వ్యాపారులే ఉన్నారు. 1961లో న్యూయార్క్‌లో లూయీ ష్వైట్జర్ అనే వ్యాపారి, హెర్బర్ట్ స్టర్జ్ కలిసి ఒక ప్రయోగం చేశారు. న్యాయశాస్త్ర విద్యార్థులు అరెస్టయినవాళ్ల దగ్గరికి వెళ్లి నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఎన్నాళ్ల నుంచి ఈ అడ్రసులో ఉన్నావు, ఇంట్లో ఎవరున్నారు, పని ఏమిటి, పాత కేసులున్నాయా. ఊరితో బంధం గట్టిగా ఉంటే పైసలు లేకుండానే వదలమని జడ్జికి చెప్పేవారు. అలా వదిలినవాళ్లలో కోర్టుకు రానివాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. 1966లో ఆ దేశం చట్టం మార్చుకుంది. 2023 సెప్టెంబరులో ఇల్లినాయ్ రాష్ట్రం పైసల జామీనునే ఎత్తేసింది. మోతీరామ్, హుసైనారా తీర్పులు కూడా ఆ న్యూయార్క్ అనుభవాన్ని చూసే రాశారు. మనిషిని కోర్టుకు తెచ్చేది పైసలు కాదు, ఇల్లూ ఊరూ పనీ. మన పాత జామిన్ మాటలో ఉన్నది కూడా అదే కదా.

అయితే 1979 తర్వాత అంతా సర్దుకుందా? లేదు. తీర్పు ఢిల్లీలో వస్తుంది, జామీను తాలూకా కోర్టులో అడుగుతారు. 2005 సవరణలో రెండు మంచి మాటలు చేరాయి. ఒకటి, బెయిలు ఇవ్వదగ్గ నేరంలో అరెస్టయి వారం రోజుల్లో జామీను తేలేకపోతే అతన్ని పేదవాడిగా భావించి సొంత ముచ్చలిక మీద వదలాలి. రెండు, పడే గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపల గడిపినవాణ్ణి మామూలుగా వదలాలి. 2024 జూలై 1న వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్‌లో మొదటిసారి కేసు పడినవాడికి ఆ సగాన్ని మూడో వంతు చేశారు. మామూలు దొంగతనానికి 3 ఏళ్ల దాకా శిక్ష ఉంటుంది. మొదటి కేసు అయితే 1 సంవత్సరం గడిచాక అడిగే వీలుంటుంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నవాళ్లకూ వర్తించదు. గడువు కాగానే కోర్టుకు రాయాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాత కేసుల్లో ఉన్నవాళ్లకూ ఈ సెక్షన్ వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

మన గొడవకు అసలు జవాబు 2023 జనవరి 31న వచ్చింది. బెయిలు వచ్చినా విడుదల కానివాళ్ల గురించి సుప్రీంకోర్టు తనంతట తానే తీసుకున్న కేసు అది. అందులో ఏడు సూచనలు ఇచ్చింది. బెయిలు ఉత్తర్వు అదే రోజో మర్నాడో జైలుకు ఈమెయిల్‌లో పంపాలి. 7 రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవల సంస్థకు చెప్పాలి. నెల దాటినా జామీను ఇవ్వలేకపోతే కోర్టే షరతులు తగ్గించే ఆలోచన చేయవచ్చు. చివరి సూచన, లోకల్ జామీను పట్టుబట్టడం వల్ల ఆలస్యమవుతోంది కాబట్టి అలాంటి కేసుల్లో ఆ షరతు పెట్టకపోవచ్చు. 1978లో చెప్పిన మాట 45 ఏళ్ల తర్వాత మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అదే ఈ చరిత్ర సారం.

ఊరుగాని ఊళ్లో బెయిలు ఎంత బరువో చెప్పడానికి ఇంకో తెలుగువాడి పేరు చాలు. కవి వరవరరావు 2018 నవంబరులో జైలుకు వెళ్లారు. 2021 ఫిబ్రవరిలో, 80 ఏళ్ల వయసులో, బొంబాయి హైకోర్టు ఆరోగ్య కారణాలతో ఆరు నెలల బెయిలు ఇచ్చింది. షరతు ప్రకారం ఇల్లున్న హైదరాబాద్‌కు కాదు, ముంబైలోనే ఉండాలి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని శాశ్వత బెయిలు చేసింది. కేసు మంచిచెడ్డల్లోకి, ఆయన రాజకీయాల్లోకి మేము పోవడం లేదు. మన సభ్యుల్లో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. పేరున్న మనిషికే పరాయి ఊళ్లో కాపురం పెట్టాల్సి వస్తే, పేరులేని కూలివాడి సంగతేమిటన్నదే మా ప్రశ్న.

ఇక రెండో వైపు మాట కూడా చెప్పాలి. "మరి దెబ్బతిన్నవాళ్ల సంగతేమిటి? నిన్న కొట్టినవాడు రేపు బయటికొచ్చి మా గడప ముందే తిరిగితే?" అని అడిగే చెల్లెళ్లు మన సంఘంలోనే ఉన్నారు. ఆ భయం నిజం. చట్టం కూడా దాన్ని కాదనలేదు. సాక్షులను బెదిరించేవాడికి, పారిపోయేవాడికి బెయిలు ఇవ్వనక్కర్లేదు. ఇచ్చినా ఊరికి దూరంగా ఉండమని షరతు పెట్టవచ్చు, తప్పితే రద్దు చేయవచ్చు. మా వాదన అది కాదు. ప్రమాదం ఉందని ఆపితే అది ఒక నిర్ణయం. ప్రమాదం లేదని బెయిలు ఇచ్చాక పహాణీ లేదని ఆపితే అది నిర్ణయం కాదు, పేదరికానికి శిక్ష. పైసలున్న రౌడీ సాయంత్రానికి బయటికొస్తాడు, పైసల్లేని కూలి నెలలు ఉంటాడు. ఈ పద్ధతి దెబ్బతిన్న చెల్లెలినీ కాపాడడం లేదు.

లోపల ఉన్న ఆ నెలల్లో ఏమవుతుందో లెక్క వేయండి. కూలి పోతుంది. వానాకాలం అయితే విత్తు పడదు. వకీలు ఫీజుకు అప్పు. పిల్లవాడు బడి మానేస్తాడు. రెండేళ్లకు నిర్దోషి అని తీర్పు వస్తే ఆ కాగితం చేతిలో పెట్టి పంపిస్తారు. పోయిన పంటను ఎవరూ తిరిగి ఇవ్వరు.

కాబట్టి మన సంఘం ముందు కొన్ని మాటలు పెడుతున్నాం.

అరెస్టు కబురు రాగానే తారీఖు రాసి పెట్టుకోండి. 7వ రోజు, 60వ రోజు, 90వ రోజు గుర్తుండాలి. జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ప్రభుత్వం తరఫున ఉచిత వకీలు దొరుకుతాడు. 1987 న్యాయసేవల చట్టం ఇచ్చిన హక్కు అది. ఫోన్ నంబరు 15100. జామీను పైసలు కట్టలేని పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం ఒక పథకం పెట్టింది. పథకం పెట్టినప్పుడు విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా సాయం అందే వీలు కల్పించారు. దారి జిల్లా కమిటీ ద్వారానే. లోకల్ జామీను కావాలని ఎవరైనా అంటే వకీలు చేత మోతీరామ్ తీర్పు, 2023 జనవరి 31 ఉత్తర్వు చూపించమనండి. తాలూకా కోర్టులో వినకపోతే పైకి పోవచ్చు. ఒకప్పుడు హైకోర్టు అంటే సుమారు 700 కిలోమీటర్ల దూరాన బెంగళూరే. 2008 నుంచి కలబురగిలోనే బెంచి ఉంది.

జామీను నిలబడేవాళ్లకూ ఒక మాట. భయపడకండి, కానీ తెలిసి నిలబడండి. మనిషి వాయిదాకు రాకపోతే ముచ్చలికలో రాసిన మొత్తం మీ నుంచి వసూలు చేయవచ్చు. ఇప్పటికే ఎందరికి జామీను ఉన్నారో కోర్టుకు చెప్పాలి. నమ్మకం పోతే జామీను వెనక్కి తీసుకుంటామని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీకు తెలిసిన మనిషికే నిలబడండి, ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోకండి. తీసుకున్ననాడు మనమూ కోర్టు ఆవరణ కిరాయి జామీనుదార్లలో కలిసిపోతాం.

వచ్చే నెల మీటింగులో మేము ఒక తీర్మానం పెడతాం. పహాణీ ఉండి, మనవాళ్లకు జామీను నిలబడడానికి ఒప్పుకునే సభ్యుల పట్టిక ఒకటి సంఘం పుస్తకంలో రాసుకుందాం. ఉద్‌గీర్ వైపు, నారాయణఖేడ్ వైపు ఉన్న మన బంధువుల సంఘాలనూ అలాంటి పట్టిక పెట్టమని అడుగుదాం. వాళ్లవాడు ఇటు పడితే మనం, మనవాడు అటు పడితే వాళ్లు. కులం అడగొద్దు, భాష అడగొద్దు, ఊరితో బంధం ఉందా అని మాత్రమే అడుగుదాం. ఒప్పుకునేవాళ్లు ఇక్కడ పేరు రాయకండి. మీటింగుకు పహాణీ నకలుతో రండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకొని రండి. ఒప్పుకోనివాళ్లూ రండి, ఎందుకు వద్దో చెప్పండి. వింటాం.